బౌద్ధ సంఘంలో స్త్రీలు: గ్రంథం, శాసనం, భిక్ష

బౌద్ధం స్త్రీకి విముక్తినిచ్చిందా, పురుషాధిపత్యానికే ధర్మం పేరు పెట్టిందా అన్న వాదం ఆధునిక బౌద్ధ అధ్యయనాలంత పాతది. 1909లో కారొలైన్ రైస్ డేవిడ్స్ థేరీగాథను ఆంగ్లంలోకి తెచ్చినప్పుడూ, 1930లో ఐ.బి. హార్నర్ తొలి బౌద్ధంలోని గృహిణుల గురించీ భిక్షుణుల గురించీ మొదటి సమగ్ర గ్రంథం రాసినప్పుడూ పాఠకులకు కనిపించింది ఆశాజనకమైన చిత్రం: బుద్ధుడు తలుపు తెరిచాడు, స్త్రీలు లోపలికి వచ్చారు. 1970ల తరవాత స్త్రీవాద దృష్టితో చదివినవాళ్ళు అదే తలుపుకు వేసి ఉన్న గొళ్ళేలను చూపించారు. డయానా పాల్ 1979లో మహాయాన సూత్రాల్లోని స్త్రీ చిత్రణను ఒకచోట చేర్చింది. రీటా గ్రాస్ 1993లో వచ్చిన తన పుస్తకంలో, బౌద్ధ సిద్ధాంతానికి లింగభేదంతో పని లేదనీ సంస్థ మాత్రం పితృస్వామ్యానికి లొంగిపోయిందనీ వాదించింది. ఈ రెండు పక్షాలకూ ఒక అలవాటు ఉమ్మడిగా ఉంది: ఉభయులూ ముఖ్యంగా గ్రంథాలనే సాక్ష్యానికి పిలిచారు. గడచిన నలభై ఏళ్ళలో శాసనాలు, మఠాల జమాఖర్చులు, నేటి భిక్షుణుల జీవితంపై క్షేత్ర పరిశోధనలు తోడయ్యాక ప్రశ్నే మారిపోయింది. స్త్రీ గురించి బౌద్ధం ఏమనుకుంది అన్నదానికన్నా, ఆమెకు దీక్ష ఎవరిచ్చారు, ఆమె పాత్రలో అన్నం ఎవరు వేశారు అన్న రెండు విషయాలే ఆమె స్థితిని ఎక్కువగా నిర్ణయించాయన్నది ఈ వ్యాసం వాదన. ఒకే సిద్ధాంతం చదువుకున్న దేశాల్లో ఒకచోట భిక్షుణులు వర్ధిల్లి, మరోచోట ఆనవాలు లేకుండా పోవడానికి ఇంతకన్నా నమ్మదగిన కారణం కనబడదు.

ముందుగా అందరూ ఉదహరించే కథను చూడాలి. పాలి వినయ పిటకంలోని చుల్లవగ్గ ప్రకారం బుద్ధుని పినతల్లి, పెంచిన తల్లి మహాప్రజాపతి గౌతమి తనకు ప్రవ్రజ్య ఇమ్మని అడిగింది. బుద్ధుడు కాదన్నాడు. ఆమె జుట్టు కత్తిరించుకుని, కాషాయం కట్టుకుని, తోటి శాక్య స్త్రీలతో కాలినడకన వైశాలికి వచ్చి, వాచిన పాదాలతో వాకిట నిలబడింది. ఆనందుడు మధ్యవర్తి అయ్యాడు. స్త్రీ కూడా అర్హత్ ఫలం పొందగలదా అని అడిగి, పొందగలదని బుద్ధుడి నోటనే చెప్పించాడు. అప్పుడు ఎనిమిది గురుధర్మాల షరతు మీద అనుమతి వచ్చింది. మొదటిదే అన్నిటికన్నా కటువు: నూరేళ్ళ దీక్ష గల భిక్షుణి అయినా, ఆ రోజే దీక్ష పుచ్చుకున్న భిక్షువుకు లేచి నమస్కరించాలి. స్త్రీలు చేరకపోతే వెయ్యేళ్ళు నిలిచే ధర్మం ఇక ఐదు వందల ఏళ్ళే నిలుస్తుందన్న జోస్యం కథకు ముగింపు. దీన్ని ఉన్నదున్నట్టు చరిత్రగా తీసుకునే పండితులు ఇప్పుడు తక్కువ. ఊటె హ్యూస్కెన్, భిక్షు అనాలయో వంటివారు వేర్వేరు నికాయాల వినయాలను పక్కపక్కన పెట్టి చదివి చిక్కుముడులు చూపించారు. రెండేళ్ళు శిక్షమాణగా, అంటే శిక్షణలోని అభ్యర్థినిగా, ఉన్న స్త్రీకే ఉభయ సంఘాలూ ఉపసంపద (పూర్తి దీక్ష) ఇవ్వాలని ఒక గురుధర్మం చెబుతుంది. కథ జరుగుతున్న నాటికి భిక్షుణీ సంఘమే పుట్టలేదు, శిక్షమాణ ఎక్కడినుంచి వస్తుంది? పైగా ఈ ఎనిమిదింటిలో కొన్ని, భిక్షుణుల శిక్షాపదాల్లో విడివిడిగా, వేర్వేరు సందర్భాల్లో పుట్టినట్టు తమ సొంత కథలతో మళ్ళీ కనిపిస్తాయి. మొదటి రోజునే ఒప్పుకున్న షరతును తరవాత కొత్తగా విధించాల్సిన పనేముంది? అందువల్ల ఈ కథ ఇప్పుడున్న రూపం, భిక్షుణీ సంఘం అప్పటికే బలంగా నడుస్తుండగా దాన్ని అదుపులో పెట్టాలనుకున్న వాళ్ళ చేతిలో దిద్దుకున్నదన్న అభిప్రాయం బలపడింది. లేని సంఘానికి ఎవరూ ఇన్ని కళ్ళేలు వేయరు.

గ్రంథాలన్నీ ఒకే గొంతుతో మాట్లాడవన్న సంగతిని పద్ధతిగా చెప్పినవాడు అలన్ స్పాన్‌బర్గ్. 1992లో అచ్చయిన వ్యాసంలో ఆయన తొలి బౌద్ధంలో నాలుగు ధోరణులను వేరుచేశాడు: మోక్షమార్గం అందరిదీ అనడం, సంస్థలో పురుషుడికే పెద్దరికం ఇవ్వడం, తపస్సుకు విఘ్నంగా స్త్రీని ద్వేషించడం, తరవాతి కాలంలో స్త్రీపురుష తత్త్వాలు రెండిటినీ కలుపుకోవడం. పరస్పరం పొసగని మాటలు ఒకే సంపుటంలో ఎలా ఉన్నాయన్నదానికి ఇది మంచి పటం. అయితే ఏ మాట ఎప్పుడు చేరిందన్నది పటం చెప్పదు. అక్కడ తులనాత్మక పఠనమే దిక్కు. స్త్రీ బుద్ధుడు కాలేదు, చక్రవర్తి కాలేదు, శక్రుడు, మారుడు, బ్రహ్మ కాలేదు అన్న ఐదు అసాధ్యాలు పాలిలోని బహుధాతుక సుత్తంలో ఉన్నాయి. చైనీయంలో మిగిలిన మధ్యమ ఆగమంలోని సమాంతర పాఠంలో అవి లేవని అనాలయో చూపించాడు. అంటే అది తరవాత అతికిన ముక్క కావడానికే ఎక్కువ అవకాశం. దీనికి ఎదురు నిలిచే పాఠం సోమా థేరిది. మునులకు దక్కే స్థానం రెండు వేళ్ళ తెలివి గల ఆడదానికి అందదని మారుడు ఎగతాళి చేస్తాడు. అన్నం ఉడికిందో లేదో వేళ్ళ మధ్య మెతుకు నలిపి చూడటం తప్ప ఆడవాళ్ళకు ఇంకేం తెలుసు అన్నది ఆ ఎత్తిపొడుపని వ్యాఖ్యాతలు వివరించారు. మనసు కుదురుగా నిలిచి జ్ఞానం సాగుతున్నప్పుడు ఆడతనం చేసేదేమిటని సోమ తిప్పికొడుతుంది. తాను స్త్రీనా పురుషుడినా అనుకునేవాడితోనే మారుడు మాట్లాడుకోవచ్చునంటుంది.

వినయంలోనే ఉన్న మరో ఘట్టం ఈ మొత్తం వ్యవహారాన్ని తేటతెల్లం చేస్తుంది, కానీ దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. ఒక భిక్షువుకు స్త్రీ లక్షణాలు వచ్చాయట. ఏం చేయాలి? బుద్ధుడి తీర్పు చాలా ఆచరణాత్మకం: అదే ఉపాధ్యాయుడు, అదే ఉపసంపద, గడిపిన వర్షావాసాల లెక్క కూడా అదే. ఆ వ్యక్తి భిక్షుణులలో కలిసిపోతే చాలు. స్త్రీకి పురుష లక్షణాలు వస్తే భిక్షువులలోకి. దీక్షకుగానీ సాధనకుగానీ శరీరం మారడం వల్ల తరుగు లేదు. మారేదల్లా ఎవరి ముందు ఎవరు లేచి నిలబడాలి అన్నదే. నిన్నటిదాకా నమస్కారం అందుకున్న మనిషి ఈ రోజు చేతులు జోడించాలి. లింగం ఇక్కడ ఆత్మగుణం కాదు, సంఘంలో కూర్చునే చోటు. అదే గ్రంథం ‘పండకులు’ అన్న వర్గానికి మాత్రం దీక్షే లేదంటుంది. రెండు సంఘాల్లో ఎటూ కూర్చోబెట్టలేని మనుషుల విషయంలో వినయానికి ఓపిక లేదని జానెట్ గ్యాట్సో, హొసె కబెసోన్ వంటివారి పరిశీలనలు చెబుతున్నాయి. జెండర్ అనగానే స్త్రీల మాటే అనుకోవడం పొరపాటని గుర్తు చేసినవాడు జాన్ పవర్స్. బుద్ధుడి ముప్పై రెండు మహాపురుష లక్షణాలను, ఆయన దేహ సౌష్ఠవాన్ని గ్రంథాలు పనిగట్టుకుని ఎందుకు వర్ణించాయో 2009లో విడిగా ఒక పుస్తకమే రాశాడు.

స్త్రీల గొంతు నేరుగా వినబడేది థేరీగాథలో. 73 గాథల ఈ సంకలనంలో రోలు, రోకలి, వంకర మొగుడు అన్న మూడు వంకరల నుంచీ బయటపడ్డానని ఒకామె సంబరపడుతుంది. పిల్లలను పోగొట్టుకున్న తల్లులు ఉన్నారు, గణికలు ఉన్నారు, బిచ్చమెత్తుకున్న విధవ ఉంది. దీనిమీద అభ్యంతరం సహజమే: ఇవి నోటి పరంపరలో శతాబ్దాలు నడిచి, భిక్షువుల చేతుల మీదుగా తాళపత్రాలకెక్కినవి. స్త్రీలే చెప్పారనడానికి పూచీ ఏమిటి? క్యాథరిన్ బ్లాక్‌స్టోన్ దీన్ని తెలివిగా పక్కదారిన ఎదుర్కొంది. థేరగాథలనూ థేరీగాథలనూ పక్కపక్కన పెట్టి, రెండిటి పదజాలం, బంధుత్వాల ప్రస్తావన, దేహం గురించి మాట్లాడే తీరు పోల్చింది. వైరాగ్యం కోసం భిక్షువులు పరాయి శరీరాన్ని, ముఖ్యంగా స్త్రీ శవాన్ని చూస్తే, థేరీలు తమ దేహాన్నే చూసుకుంటారు. అంబపాలి తన జుట్టు నుంచి పాదాల దాకా ముసలితనాన్ని లెక్కపెట్టడం ఇందుకు పేరుపడ్డ ఉదాహరణ. లిజ్ విల్సన్ మాత్రం ఈ తేడాతో తృప్తి పడలేదు. స్త్రీ తన దేహాన్నే అసహ్యానికి పాఠంగా చూపించాల్సి రావడం పురుష దృష్టిని తనలోకి తీసుకోవడమేనని 1996లో వాదించింది. వెంటాడిన యువకుడికి తన కన్నే పీకి ఇచ్చిన శుభ కథ ఆమె చేతిలో వీరగాథలా చదవబడదు. రెండు వాదనల్లోనూ బలం ఉంది. నాకైతే బ్లాక్‌స్టోన్ పక్షం కాస్త బరువుగా తోస్తుంది. ఈ గాథల్లో చాలావాటికి మలుపు దేహం మీద ఏవగింపు కాదు. ఒక స్త్రీ మరో స్త్రీ దగ్గరికి వెళ్ళి ధర్మం అడగడం, ఆమె కూర్చోబెట్టి చెప్పడం. పటాచార చుట్టూ చేరిన శిష్యురాళ్ళ గుంపు ఈ సంకలనంలో మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. పురుషుడి చూపు కోసం అల్లిన పుస్తకంలో గురుశిష్యుల ఈ ఆడ పరంపరకు అంత చోటు ఎందుకుంటుంది?

వినయ నియమాలను ఆదర్శాలుగా కాక ఫిర్యాదుల పుస్తకంగా చదవడం కూడా ఈ మధ్య వచ్చిన మంచి అలవాటే. బంధువు కాని భిక్షుణి చేత తన పాత చీవరం ఉతికించుకున్నా, రంగు వేయించుకున్నా భిక్షువుకు దోషం. ఉన్ని ఉతికించి చిక్కు తీయించినా దోషమే. నియమం ఉందంటే ఎక్కడో ఆ పని జరుగుతోందని అర్థం: ఇల్లు విడిచి వచ్చిన స్త్రీకి విహారంలోనూ చాకిరీ తప్పలేదు, అది మితిమీరితే సంఘం అడ్డుకుంది. పాలి సంప్రదాయంలో భిక్షువుకు 227 శిక్షాపదాలు, భిక్షుణికి 311. ఈ తేడాను చూపి స్త్రీకి కట్టుబాట్లు ఎక్కువన్నవాళ్ళున్నారు. అదనపు నియమాల్లో కొన్ని అణచడానికి పెట్టినవైతే, మరికొన్ని ఒంటరిగా తిరిగే స్త్రీకి రక్షణగా, ఇంకొన్ని ఆమె కూడబెట్టిన ఆస్తినీ వ్యాపారాన్నీ హద్దులో ఉంచడానికి వచ్చినవని గ్రెగరీ షోపెన్ మూలసర్వాస్తివాద వినయం ఆధారంగా చూపించాడు. అక్కడి భిక్షుణులు నిస్సహాయులు కారు. డబ్బు తిప్పుతారు, ఆస్తి కలిగి ఉంటారు, తమ సంఘంలో చనిపోయిన పెద్దలకు స్తూపాలు కడతారు. అలా కట్టిన స్తూపాన్ని భిక్షువు పడగొట్టించిన కథలూ ఉన్నాయి.

ఇక శాసనాలు. గ్రంథం ఇలా ఉండాలి అంటుంది, రాయి ఇలా జరిగింది అంటుంది, అందుకే దాని మాటకు వేరే విలువ. సాంచి, భార్‌హుత్ స్తూపాల మీద దాతల పేర్లు వందల్లో ఉన్నాయి. సాంచిలో దానమిచ్చిన భిక్షుణుల సంఖ్య భిక్షువుల సంఖ్యకు దాదాపు సమానమని షోపెన్ లెక్కకట్టాడు. విదిశ, ఉజ్జయిని నుంచి వచ్చినవాళ్ళు తమ ఊరి పేరుతో సహా రాతి పలక మీద నిలిచారు. సంసారం విడిచినవాళ్ళకు రాయి చెక్కించే స్తోమత ఎక్కడిదన్న ప్రశ్న వెంటనే వస్తుంది. విడిచినవాళ్ళు తమ కుటుంబంతోనూ, దాతలతోనూ తెంచుకోలేదన్నదే జవాబు. షేన్ క్లార్క్ 2014 నాటి పుస్తకం ఈ సంగతిని వినయ గ్రంథాల నుంచే విస్తారంగా నిరూపించింది. చదువు విషయానికి వస్తే కుషాణుల కాలం నాటి బుద్ధమిత్ర శాసనాలు కళ్ళు తెరిపిస్తాయి. కనిష్కుడి రెండో ఏట కౌశాంబిలో బోధిసత్వ ప్రతిమను నిలిపిన ఈ భిక్షుణికి త్రిపిటకం ఎరిగినది అన్న బిరుదుంది. ఆమె గురువు బల భిక్షువుకూ అదే బిరుదు. ముప్పై ఏళ్ళ తరవాత మధురలో ఆమె సోదరి కూతురు, భిక్షుణి ధనవతి, ప్రతిమ పెట్టిస్తూ తన పిన్నమ్మ పాండిత్యాన్ని గర్వంగా చెక్కించింది. మన అమరావతి స్తూపం దగ్గర దొరికిన చిన్న శాసనం ఒకటి ఇంకా ముచ్చటైనది: వినయధరుడు పునవసు శిష్యురాలు ఉపాధ్యాయిని సముదియ, ఆమె శిష్యురాలు మల. భిక్షుణికి వినయం నేర్పేది భిక్షువేనన్న చిత్రంలో ఇమడని వాస్తవం ఇది. పురుషుడి దగ్గర మొదలైన పాఠం రెండో తరంలోనే స్త్రీ చేతికి వచ్చింది. ఆమెకు ఉపాధ్యాయిని అన్న పదవి ఉంది, ఆ పేరు చెప్పుకుంటే గౌరవం వచ్చేంత పేరుంది.

నాగార్జునకొండ కథ వేరు. అక్కడ ముందుకొచ్చేది గృహస్థ స్త్రీలు. 1926లో ఈ లోయను గుర్తించాక బయటపడ్డ శాసనాలను జె.ఎఫ్. ఫోగెల్ ప్రచురించాడు. క్రీ.శ. మూడో శతాబ్దపు ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అది. మహాచైత్యానికి ప్రధాన దాత చాంతిసిరి, వాసిష్ఠీపుత్ర చాంతమూలుడి తోబుట్టువు, పూకియుల కందసిరి భార్య. వీరపురుషదత్తుడి ఆరో రాజ్య సంవత్సరంలో ఆమె నిలిపిన స్తంభాల మీద, పుట్టింటి అత్తింటి వంశాలు రెండిటికీ క్షేమమూ, తనకు నిర్వాణమూ కోరుకుంది. సోదరుడు చాంతమూలుడేమో అశ్వమేధం చేసినవాడు, మహాసేనుడి భక్తుడు. రాణి భట్టిదేవ బహుశ్రుతీయులకు విహారం కట్టించింది. రాచకుటుంబపు కొడబలిసిరి మహీశాసకులకు కట్టించింది. యజ్ఞం మగవాళ్ళది, చైత్యం ఆడవాళ్ళది అన్నట్టుగా ఒకే ఇంట్లో పంపకం. దీని మీద గట్టి అభ్యంతరం ఉంది: ఇది స్త్రీల స్వేచ్ఛ కాదు, రాచవంశపు ఎత్తుగడ. ఖజానా రాజుది, పుణ్యం పేరు రాణిది. బ్రాహ్మణులనూ, శ్రేణులనూ, సంఘాలనూ ఒకేసారి మంచి చేసుకోవడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు. ఇందులో నిజం లేకపోలేదు. కానీ అదే లోయలో ఉపాసిక బోధిసిరి శాసనం ఈ వివరణకు లొంగదు. రాణి కాదు, వణిజ కుటుంబాలకు చెందిన గృహిణి. చుళధమ్మగిరి మీద సింహళ థేరుల కోసం చైత్యగృహం కట్టించి, దాంతోపాటు తాను ఎక్కడెక్కడ ఏమేమి ఇచ్చిందో పద్దు రాయించింది. సింహళ విహారంలో బోధివృక్షానికి గుడి, ఒకచోట అర, ఇంకోచోట మూడు అరలు, మరోచోట ఏడు, పూర్వశైలంలో చెరువు, మంటపం, కంటకసేల మహాచైత్యం తూర్పు వాకిట రాతి మంటపం. కంటకసేల అంటే నేటి ఘంటసాల. కృష్ణా లోయంతటా ఒక స్త్రీ పేరున నడిచిన దానాల జాబితా ఇది. ఇంటి పెద్దల పేర్లన్నీ వరసగా చెప్పింది నిజమే, అయినా దాత ఆమే. శాసనాలు సంపన్నుల మాటే చెబుతాయనేవాళ్ళు అమరావతి రాళ్ళ మీద తల్లీ భార్యా పిల్లలతో కలిసి దానమిచ్చిన చర్మకారుడు విధికుణ్ణి కూడా చూడాలి.

ఈ స్త్రీల నీడ ఒక మహాయాన గ్రంథం మీద పడిందా అన్నది ఆసక్తికరమైన చర్చ. శ్రీమాలాదేవి సింహనాద సూత్రంలో రాణి శ్రీమాల బుద్ధుడి ఎదుట ధర్మం వినడం కాదు, తానే చెబుతుంది. బుద్ధుడు సరేనంటాడు. అలెక్స్, హిదెకో వేమన్ దంపతులు 1974 అనువాద పీఠికలో ఈ సూత్రం మూడో శతాబ్దపు ఆంధ్రదేశంలో, ఇక్ష్వాకుల నాటి మహాసాంఘిక వాతావరణంలో పుట్టిందని ప్రతిపాదించారు. ప్రత్యక్ష సాక్ష్యం లేదు, సందర్భం మాత్రం పొసుగుతుంది. శ్రీమాల మగవాడిగా మారదన్నది గమనించాల్సిన విషయం. సద్ధర్మపుండరీకంలో ఎనిమిదేళ్ళ నాగకన్య బుద్ధత్వం పొందే ముందు పురుషుడవుతుంది. విమలకీర్తి నిర్దేశంలో దేవత ఏకంగా శారిపుత్రుడినే స్త్రీగా మార్చి, నీ ఆడరూపం ఎక్కడుందో చెప్పమని ఆటపట్టిస్తుంది. వీటిలో ఏది స్త్రీపక్షం, ఏది కాదు అని పండితులు పుటలకొద్దీ తేల్చబోయారు. అయితే ఈ గ్రంథాలన్నీ కళ్ళకద్దుకున్న జపాన్‌లో స్త్రీలు హియేయి, కోయ కొండలు ఎక్కరాదన్న నిషేధం 1872లో ప్రభుత్వం ఎత్తేసేదాకా ఉంది. జపాన్‌లో మొట్టమొదట దీక్ష తీసుకున్నదేమో స్త్రీ, 584లో జెన్‌షిన్. శూన్యవాదం స్త్రీ పురుష భేదాన్ని కరిగించినంత మాత్రాన కొండ మీది కాపలా కరగదు. బెర్నార్డ్ ఫోర్ 2003లో రాసిన గ్రంథం సిద్ధాంతపు సమత్వం ఆచరణలోని అసమత్వానికి ముసుగుగా పనిచేసిన తీరును విప్పి చూపింది. తంత్రయానం గురించి మిరాండా షా 1994లో స్త్రీలే గురువులని చేసిన వాదనకు కూడా ఇదే పరీక్ష ఎదురైంది. యోగినులను పొగిడే గ్రంథాలు చాలావరకు పురుష సాధకుణ్ణి ఉద్దేశించినవని విమర్శకులు గుర్తుచేశారు. అలాగని సిద్ధాంతానికి ఏ బలమూ లేదనడం అతి. స్త్రీకి అర్హత్ ఫలం సాధ్యమన్న ఒక్క వాక్యం లేకపోతే ఆనందుడికి వాదించడానికి పట్టు ఉండేది కాదు. నేటి దీక్షల కోసం పోరాడేవాళ్ళకూ అదే ఆధారం. సిద్ధాంతం దావా వేయడానికి పనికొస్తుంది. గెలుపు సంస్థ చేతిలో ఉంటుంది.

భారతదేశంలో భిక్షుణులు మాయమైన తీరు ఈ మాటకు నిదర్శనం. నాలుగో, ఐదో శతాబ్దాల నుంచి శాసనాల్లో దాతలుగా భిక్షుణులు దాదాపు కనబడరు. నాన్సీ ఫాక్ 1980లో దీన్ని పరిశోధించి, కారణం దానాల ప్రవాహంలో ఉందంది. భిక్షువుకు పెడితే పుణ్యం ఎక్కువ అన్న నమ్మకం కుదిరాక దాతలు అటు మొగ్గారు. గురుధర్మాలు భిక్షుణిని ఎప్పటికీ రెండో స్థానంలో ఉంచడం వల్ల ఆమె సాధన, పాండిత్యం జనానికి కనబడే అవకాశాలూ తగ్గాయి. ఐదో శతాబ్దం తొలినాళ్ళలో వచ్చిన ఫాహియాన్, తమకు దీక్ష ఇప్పించినందుకు భిక్షుణులు ఆనందుడి స్తూపాన్ని పూజిస్తారని రాశాడు. ఏడో శతాబ్దం చివర ఇత్సింగ్ చూసింది బిచ్చమెత్తుకుని పేదగా బతుకుతున్నవాళ్ళను. వాళ్ళకు అందే దానం తక్కువ, చాలా విహారాల్లో వాళ్ళకంటూ అన్నపు ఏర్పాటే లేదు. ఇదే కాలంలో చైనాలో జరిగింది పూర్తిగా వేరు. 433 ప్రాంతంలో సింహళం నుంచి ఓడలో వచ్చిన భిక్షుణులు దక్షిణ రాజధానిలో, అంటే నేటి నాన్‌జింగ్‌లో, చైనా స్త్రీలకు ఉభయ సంఘాల దీక్ష పూర్తి చేయించారు. మూడు వందలకు పైగా స్త్రీలు మళ్ళీ ఉపసంపద పొందారు. 516 ప్రాంతంలో బావోచాంగ్ అనే భిక్షువు 65 మంది భిక్షుణుల జీవితచరిత్రలు రాశాడు. దీక్షా పరంపర అక్కడ తెగలేదు. దీక్ష ఇచ్చి పంపిన సింహళంలోనేమో పదకొండో శతాబ్దపు చోళ యుద్ధాల తరవాత భిక్షుణీ సంఘం అంతరించింది. బర్మా నుంచి భిక్షువులను రప్పించి భిక్షు పరంపరను నిలబెట్టుకున్నారు. స్త్రీల పరంపరకు ఆ ప్రయత్నం జరగలేదు.

తొమ్మిది వందల ఏళ్ళ తరవాత ఆ తాడు మళ్ళీ కలిపింది ఈ చైనా పరంపరే. 1987లో బుద్ధగయలో ఏర్పడిన శాక్యధీత సంస్థ స్త్రీల దీక్షను అంతర్జాతీయ చర్చ చేసింది. 1996లో సారనాథ్‌లో, 1998 మొదట్లో బుద్ధగయలో సింహళ స్త్రీలు ఉపసంపద పొందారు. అదే ఏడాది దంబుల్లలో శ్రీలంక గడ్డ మీదే దీక్ష మొదలైంది. అభ్యంతరం వినయపరమైనది: తూర్పు ఆసియా భిక్షుణులది ధర్మగుప్తక పరంపర, థేరవాదంలో భిక్షుణులు లేరు కాబట్టి ఉభయ సంఘ దీక్షే అసాధ్యం. మద్దతుదారుల సమాధానమూ వినయపరమైనదే: భిక్షుణులు లేని తొలి దశలో భిక్షువులే దీక్ష ఇవ్వవచ్చని బుద్ధుడు అనుమతించిన మాట చుల్లవగ్గలోనే ఉంది, దాన్ని రద్దు చేసినట్టు ఎక్కడా లేదు. థాయిలాండ్‌లో 1928 నాటి సంఘ ఆజ్ఞ స్త్రీలకు దీక్ష ఇవ్వకుండా భిక్షువులను ఇప్పటికీ కట్టేస్తోంది. థాయ్ భిక్షుణి ధమ్మనంద 2003లో శ్రీలంక వెళ్ళి ఉపసంపద తీసుకోవాల్సి వచ్చింది. పూర్తి దీక్ష లేకుండా శీలాలు పాటించే తెల్లబట్టల మేచీలది మరీ విచిత్రమైన బతుకు. ఓటు దగ్గర ప్రభుత్వం వాళ్ళను సన్యాసులుగా ఎంచి హక్కు లేదంటుంది. సన్యాసులకిచ్చే రాయితీల దగ్గర గృహస్థులుగా ఎంచి లేదంటుంది.

ఇక్కడే ఈ వ్యాసం వాదనకు గట్టి ఎదురుదెబ్బ తగులుతుంది. శ్రీలంకలో పది శీలాలతో జీవించే చాలామంది స్త్రీలు ఉపసంపద కోరలేదు. తమ సాధనకు ఆ పేరు అవసరం లేదన్నారు. సమానత్వం, హక్కు, ప్రతిఘటన అన్న కొలబద్దలు పరిశోధకుల సంచిలోవేగానీ ఆ స్త్రీలవి కావని నిర్మల సల్గాడో 2013లో వాదించింది. గట్టి హెచ్చరికే. అయితే ఆ కొలబద్ద పక్కన పెట్టినా అన్నం లెక్క పక్కన పెట్టలేం. మయన్మార్‌లో శీలాలు పాటించే థిలషిన్‌లు పూర్తి దీక్ష లేకుండానే పెద్ద విద్యాసంస్థలు నడుపుతున్నారు, పాలి పరీక్షల్లో భిక్షువులతో సమంగా ఉత్తీర్ణులవుతున్నారని హిరోకో కవనమి పరిశోధన చూపింది. అయినా వీధిలో భిక్షువు పాత్రలో పడేది వండిన అన్నం, థిలషిన్ తట్టలో పడేది బియ్యం. ఆమె వెళ్ళి వండుకోవాలి. లద్దాఖ్‌లోని జంస్కార్‌లో కిమ్ గుచ్చో చూసిన భిక్షుణులు పగలంతా తమవాళ్ళ పొలాల్లో పనిచేసి రాత్రి మఠానికి చేరతారు. భిక్షువుల మఠానికి మాన్యాలున్నాయి, పూజలకు పిలుపులున్నాయి. కాబట్టి సల్గాడో అభ్యంతరం దీక్ష అన్న సగాన్ని కొంత సడలిస్తుంది, భిక్ష అన్న సగాన్ని ఇంకా బిగిస్తుంది. రెండూ కుదిరిన చోటు తైవాన్. అక్కడ భిక్షుణుల సంఖ్య భిక్షువులను మించింది. భిక్షుణి చెంగ్ యెన్ 1966లో మొదలుపెట్టిన త్సూచీ సంస్థ ఆస్పత్రులు నడిపే స్థాయికి పెరిగింది. 2001లో భిక్షుణి చావో హ్వే ఎనిమిది గురుధర్మాల ప్రతిని సభలో చించేయగలిగింది. ఆమె ధైర్యం ఆమెదే, ఆ పని చేశాక మర్నాటి భోజనానికి వెతుక్కోనక్కర్లేని సంఘం వెనకుండటం కూడా అంతే నిజం.

భారతదేశంలో ఈ ప్రశ్నకు ఇంకో వారసత్వం ఉంది. స్త్రీల పతనానికి బుద్ధుడే కారణమన్న విమర్శకు జవాబుగా అంబేద్కర్ 1951లో హిందూ స్త్రీ ఉన్నతి, పతనాల గురించి రాసిన వ్యాసంలో, స్త్రీలను చూడవద్దు, మాట్లాడవద్దు అని బుద్ధుడు ఆనందుడితో అన్నట్టున్న సంభాషణ ప్రక్షిప్తమని వాదించాడు. పాఠ పరిశోధకులు తరవాత పట్టుకున్న దారి ఆయనది. మరో వైపు ఉమా చక్రవర్తి వంటి చరిత్రకారులు తొలి బౌద్ధాన్ని కులం, గృహపతి వ్యవస్థ, స్త్రీల శ్రమల మధ్య నిలిపి చదివారు. ఇప్పుడు హిమాలయ పరంపరల్లో కదలిక వేగంగా ఉంది. 2016లో 20 మంది టిబెటన్ భిక్షుణులు తొలిసారి గెషెమా (బౌద్ధ శాస్త్రాల్లో అత్యున్నత) పట్టాలు అందుకున్నారు. ఈ పట్టా వినయం కూడా చదివితేనే వస్తుంది. పూర్తి దీక్ష లేనివాళ్ళు వినయం పూర్తిగా చదవరాదన్న ఆనవాయితీని సడలించాకే అది సాధ్యమైంది. 2022 జూన్‌లో భూటాన్ 144 మంది స్త్రీలకు పూర్తి ఉపసంపద ఇచ్చింది. వేరే పరంపర నుంచి భిక్షుణులను పిలవకుండా మూలసర్వాస్తివాద భిక్షు సంఘమే ఇచ్చిన దీక్ష ఇది. దాని చెల్లుబాటు గురించి వినయవేత్తల వాదం నడుస్తూనే ఉంది. ఆ 144 మంది తమ శిష్యురాళ్ళకు తామే ఉపాధ్యాయినులై దీక్ష ఇవ్వాలంటే వినయం ప్రకారం పన్నెండు వర్షావాసాలు గడవాలి.